నికాన్ జెడ్5కి అల్ట్రా వైడ్ జూమ్: 14-30 ఎఫ్/4 తీసుకోనా, 17-28 ఎఫ్/2.8 తీసుకోనా?

పినాకిని

అందరికీ నమస్కారం. నా దగ్గర నికాన్ జెడ్5 కెమెరా, 24-120 ఎఫ్/4 ఎస్ లెన్స్ ఉన్నాయి. ఎక్కువగా తీసేది పాత గుళ్ళు. లేపాక్షి, తాడిపత్రి, ఒంటిమిట్ట, పుష్పగిరి అన్నీ మా వైపువే. శిల్పాలు, స్తంభాలు ఈ లెన్స్‌తో బాగానే వస్తున్నాయి. మండపం మొత్తం ఒక్క ఫ్రేములో కావాలంటే మాత్రం 24 మి.మీ. వెడల్పు చాలడం లేదు. ఇంకో అడుగు వెనక్కి వేద్దామంటే అక్కడ ఇంకో స్తంభమో గోడో ఉంటుంది. గోపురాల దగ్గరా ఇదే ఇబ్బంది. కెమెరా పైకెత్తితే గోపురం వెనక్కి వాలిపోయినట్టు పడుతోంది.

ఒక అల్ట్రా వైడ్ జూమ్, అంటే ఇంకా చాలా వెడల్పు చూసే లెన్స్, కొందామనుకుంటున్నాను (మి.మీ. అంకె తగ్గితే వెడల్పు, ఎఫ్ అంకె తగ్గితే లోపలికి వచ్చే వెలుతురు పెరుగుతాయి). జెడ్ 14-30 ఎఫ్/4 ఎస్, జెడ్ 17-28 ఎఫ్/2.8, ఈ రెండింటి మధ్య తేల్చుకోలేకపోతున్నాను. 14-24 ఎఫ్/2.8 ఎస్ నా బడ్జెట్ దాటిపోతుంది, తప్పదంటే ఆగి కొంటాను. పాత 16-35 ఎఫ్/4 వీఆర్ (చేతి వణుకును ఆపే ఏర్పాటు ఉన్నది) సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది, అది అడాప్టర్‌తో పెట్టుకోవాలి.

గుళ్ళు కాకుండా గండికోటలో లోయ, రాత్రిపూట నక్షత్రాలు తీయాలని ఉంది. ఇంట్లో పెళ్ళిళ్ళకు కూడా నన్నే తీయమంటారు. పెద్ద ప్రింట్లు వేయించుకునే అలవాటు ఉంది. వాడినవాళ్ళు చెప్పండి.

గాలిగోపురం

పినాకిని గారూ, మీరు చెప్పిన పనికి 14-30. నేను వాడుతున్నది అదే. 14కీ 17కీ మధ్య 3 మి.మీ.లే కదా అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. గోపురం ముందు నిలబడితే ఆ 3 మి.మీ. విలువ తెలుస్తుంది.

గోపురం వాలిపోకుండా ఉండాలంటే కెమెరాను ఏమాత్రం పైకెత్తకూడదు. నిలువుగా పట్టుకుని, సమంగా ఉంచి తీయాలి. కింద సగం నేల వస్తుంది, అక్కర్లేనంత తర్వాత కత్తిరించేస్తాం. ఇలా తీస్తే ఫ్రేము పై అంచు ఎంత ఎత్తుకు అందుతుందో ముందే లెక్క కట్టుకోవచ్చు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడుగు 36 మి.మీ., అందులో సగం 18. దాన్ని ఫోకల్ లెంగ్త్‌తో, అంటే లెన్స్ మి.మీ. అంకెతో, భాగించి, మీరు నిలబడ్డ దూరంతో గుణించి, కెమెరా పట్టుకున్న ఎత్తు కలపండి.

మంగళగిరి గాలిగోపురం ఎత్తు 153 అడుగులు, అంటే 46.6 మీటర్లు. కెమెరా ఒకటిన్నర మీటర్ల ఎత్తున పట్టుకుంటే 14 దగ్గర శిఖరంతో సహా రావడానికి 35 మీటర్ల దూరం సరిపోతుంది. 16 దగ్గర 40 మీటర్లు, 17 దగ్గర 42న్నర మీటర్లు కావాలి. మీ 24తో అయితే 60 మీటర్లు వెనక్కి నడవాలి. ఊరి మధ్యలో ఉన్న గోపురం ముందు ఆ తేడా ఎంతో ఆలోచించండి. వెనక్కి జరిగే కొద్దీ కరెంటు తీగలు, షాపుల బోర్డులు, ఆగి ఉన్న ఆటోలు ఫ్రేములోకి వచ్చేస్తాయి.

ఇంకో సంగతి. మీ దగ్గర 24-120 ఉంది. 17-28 కొంటే మీకు కొత్తగా వచ్చేది 17 నుంచి 23 దాకా. 14-30 కొంటే 14 నుంచి 23 దాకా. లేనిదాన్ని కొనుక్కోవాలి కదా.

పెళ్ళిపందిరి

గాలిగోపురం గారి లెక్క కదలని రాయికి సరిపోతుంది. పెళ్ళిళ్ళు కూడా తీస్తానన్నారు కాబట్టి రెండో వైపు కూడా వినండి. నేను 17-28తోనే పని చేస్తాను.

ఎఫ్/4 నుంచి ఎఫ్/2.8కి వస్తే వెలుతురు రెట్టింపు. రాత్రి ముహూర్తం, రంగురంగుల ఎల్ఈడీ లైట్లు, తలంబ్రాల హడావుడి. అక్కడ షటర్ 1/125 కంటే తగ్గితే చేతులు మసకబారతాయి. ఎఫ్/4 దగ్గర ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం, పెంచితే నాయిస్ అనే గరుకు వస్తుంది) 6400 పెట్టాల్సిన చోట నేను 3200తో బయటపడతాను. కెమెరాలో ఉన్న స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది, పెళ్ళికూతురు కదలికను ఆపదు.

బరువు 450 గ్రాములే. జూమ్ చేసినా లెన్స్ పొడుగు మారదు, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పరికరం) మీద వీడియోకి మళ్ళీ బ్యాలెన్స్ చేసుకునే పని ఉండదు. 17 దగ్గర 19 సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళి ఫోకస్ చేయొచ్చు. మంగళసూత్రం ముందు పెట్టి వెనక మండపం మొత్తం చూపించే ఫోటోలు దానివల్లే వస్తాయి. 14-30 అయితే 28 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది.

లోటు కూడా చెప్తాను. దీని మీద ఆటో, మాన్యువల్ ఫోకస్ మార్చే స్విచ్ లేదు, మెనూలోకి వెళ్ళాలి. నాకు అది రోజూ విసుగే.

డాలస్ బావ

ధరల గురించి ఒక మాట. విడుదలైనప్పుడు అమెరికాలో 14-30 ధర సుమారు 1300 డాలర్లు, 17-28 సుమారు 1200, 14-24 సుమారు 2400. మొదటి రెండింటి మధ్య తేడా పెద్దగా లేదు, కాబట్టి ధర చూసి ఎంచుకోకండి. ఇక్కడినుంచి ఎవరిచేతనైనా తెప్పించుకుందామనుకుంటే ముందు వారంటీ కార్డు నిబంధనలు చదవండి. కొన్న దేశంలోనే చెల్లే వారంటీ అయితే, అక్కడ రిపేరుకు జేబులోంచి పెట్టుకోవాలి.

ఓరుగల్లు

పినాకిని గారు, ఆ పాత 16-35 వీఆర్ చాలా రోజులు నా దగ్గర ఉండేది. 2010 నాటి లెన్స్, 680 గ్రాములు, పైన ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ 135 గ్రాములు. 14-30 మొత్తం కలిపి 485 గ్రాములే. 16 దగ్గర దాని వంపు చాలా ఎక్కువ, స్తంభాల వరుస తీస్తే అంచు స్తంభాలు బయటికి ఉబ్బుతాయి. ఒకప్పుడు దాంట్లో వీఆర్ ఉండటం గొప్ప. ఇప్పుడు జెడ్5 బాడీలోనే ఉంది, కంపెనీ లెక్క ప్రకారం 5 స్టాప్‌ల దాకా (ఒక్కో స్టాప్‌కి షటర్ రెట్టింపు సేపు తెరవొచ్చు). చాలా చవకగా దొరికితే తప్ప నేనైతే ఇప్పుడు కొనను.

గుడి లోపలి చీకటి గురించి నాకు తెలిసింది చెప్తాను. మాకు రామప్ప దగ్గర. రంగమండపంలో మధ్య నాలుగు స్తంభాల మీద పడే వెలుతురు వేరు, పైకప్పు మూలల్లో వెలుతురు వేరు. కళ్ళకు కనిపించేంత కూడా ఫోటోలో పడదు. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న గుళ్ళలో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. కాబట్టి చేత్తోనే తీయాలి. అయినా ఎఫ్/4 నన్ను ఆపలేదు, ఎందుకంటే రాయి కదలదు. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, 14 దగ్గర 1/4 సెకను షటర్‌తో వరసగా నాలుగైదు తీస్తే ఒకటైనా పదునుగా వస్తుంది. పైగా మండపంలో ముందు స్తంభం, వెనక స్తంభం రెండూ ఫోకస్‌లో ఉండాలి. ఎలాగూ ఎఫ్/5.6కో ఎఫ్/8కో వెళ్తాం. గుడిలో ఎఫ్/2.8 వాడే సందర్భం నాకు దాదాపు రాదు.

చుక్కలరాత్రి

నక్షత్రాల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. పెళ్ళిపందిరి గారు నొచ్చుకోవద్దు, నక్షత్రాల కోసం మాత్రం 17-28 కొనమని నేను చెప్పను. అలాగని 14-30 కూడా చెప్పను.

ఎఫ్/4 దగ్గర పాలపుంత వస్తుంది, రాదని కాదు. 20 సెకన్లు, ఐఎస్ఓ 6400 పెట్టి తీయొచ్చు. నాయిస్ ఎక్కువ ఉంటుంది, అవే సెట్టింగులతో వరసగా పదో పదిహేనో తీసి సాఫ్ట్‌వేర్‌లో కలిపితే తగ్గుతుంది. ఎఫ్/2.8 దీనికి రెట్టింపు. కానీ జెడ్ 20 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ పెడితే ఎఫ్/4 మీద దాదాపు 5 రెట్లు, ఎఫ్/2.8 మీద దాదాపు రెండున్నర రెట్లు వెలుతురు. ఆ తేడా ముందు ఏ జూమూ నిలవదు.

మరి 20 వెడల్పు చాలుతుందా అంటారేమో. గండికోట సుమారు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అక్కడినుంచి చూస్తే పాలపుంత నడిబొడ్డు దక్షిణాన బాగా పైకి వచ్చినప్పుడు నేల నుంచి సుమారు 45 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. 20 మి.మీ. లెన్స్ నిలువుగా పట్టుకుంటే కింది నుంచి పైకి 84 డిగ్రీలు చూస్తుంది. కింద లోయ అంచు పెట్టుకున్నా నడిబొడ్డు పైన ఇంకా చోటు మిగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అమావాస్య దగ్గర్లో అర్ధరాత్రి దాటాక వెళ్ళండి, వానలు మొదలైతే ఆకాశం దొరకదు. లోయ అంచున రెయిలింగ్ ఉండదు, చీకట్లో ట్రైపాడ్ చుట్టూ నడిచేటప్పుడు జాగ్రత్త. పగలే వెళ్ళి చోటు చూసిపెట్టుకోండి.

ఇప్పుడు ఒక లెన్స్‌తో నక్షత్రాలూ గుళ్ళూ రెండూ సరిపెట్టాలని చూడకండి. గుడికి ఏది బాగుంటుందో అది కొనండి. నక్షత్రాల మీద నిజంగా మనసు పడితే తర్వాత 20 కొనుక్కోవచ్చు.

పెళ్ళిపందిరి

నొచ్చుకోవడానికి ఏముందండీ, 20 ఎఫ్/1.8 సంగతి నిజమే. కానీ అది రెండో లెన్స్. ఒకటే కొనగలిగినవాళ్ళకు ఎఫ్/2.8 జూమ్ అన్ని పనులకూ వస్తుంది కదా అన్నదే నా మాట.

పినాకిని గారూ, ఇంట్లో పెళ్ళిళ్ళు ఏడాదికి ఎన్ని వస్తాయి? అక్కడ ఫ్లాష్ వాడతారా?

పినాకిని

ఏడాదికి ఒకటో రెండో అండి. ఫ్లాష్ ఉంది, పైకప్పుకు కొట్టి తీస్తాను.

పెళ్ళిపందిరి

అయితే నా సలహాలో సగం బరువు తగ్గినట్టే. ఫ్లాష్ ఉన్నప్పుడు ఎఫ్/4 సరిపోతుంది. పందిరి కింద తెల్ల గుడ్డ ఉంటే ఇంకా మంచిది. అయితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి, గ్రూప్ ఫోటోకి 14 గానీ 17 గానీ వాడకండి. అంచున నిలబడ్డవాళ్ళ ముఖాలు పక్కకు సాగిపోతాయి, మేనత్తలు ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. అది లెన్స్ లోపం కాదు, గుండ్రటి తలను అంత వాలుగా చదును ఫ్రేములోకి తెచ్చినప్పుడు ఏ లెన్స్‌తోనైనా అంతే. వెనక్కి జరిగి మీ 24-120లో 35 దగ్గర తీయండి.

సాగరతీరం

14-24 ఎఫ్/2.8 ఎస్ నాది. తప్పదంటే ఆగి కొంటానన్నారు కాబట్టి చెప్తున్నాను, ఆగాల్సిన పని లేదు. లెన్స్ అద్భుతం, అందులో సందేహం లేదు. 14 దగ్గర ఎఫ్/2.8కే మూలల దాకా పదును. 2007 నాటి పాత 14-24 దాదాపు ఒక కిలో, ఇది 650 గ్రాములే. కానీ ముందు అద్దం ఉబ్బెత్తుగా ఉంటుంది. ఫిల్టర్ పెట్టాలంటే లెన్స్‌తో పాటు వచ్చే రెండో హుడ్ తగిలించి, దానికి 112 మి.మీ. ఫిల్టర్ కొనాలి. ఆ ఫిల్టర్ కూడా చవక కాదు, అన్ని షాపుల్లోనూ దొరకదు. 14-30కి మామూలు 82 మి.మీ. ఫిల్టర్ ముందే బిగుస్తుంది. 2019లో అది వచ్చినప్పుడు 14 మి.మీ. నుంచి మొదలయ్యే ఫుల్ ఫ్రేమ్ జూమ్‌కి ముందు ఫిల్టర్ పట్టడం అదే మొదటిసారి.

నేను సముద్రం ఒడ్డున తెల్లవారుజామున అలలను లాంగ్ ఎక్స్‌పోజర్ (షటర్ చాలాసేపు తెరిచి) తీస్తాను, వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ లేకుండా కుదరదు. మీరు గండికోటలో పెన్నా నీళ్ళు తీసినా అంతే. అందుకే ప్రయాణాలకు మా ఆవిడ 14-30నే నేను అడిగి తీసుకెళ్తుంటాను.

పినాకిని

అందరికీ చాలా థ్యాంక్స్. నాకు ఇంకో టెన్షన్ ఉంది. 14-30లో రా ఫైల్‌కి (కెమెరా ఏ మార్పూ చేయని అసలు ఫైల్‌కి) వంపు చాలా ఎక్కువని, దాన్ని సాఫ్ట్‌వేర్ సరిచేస్తుందని చదివాను. సరిచేసినప్పుడు మూలలు పాడవ్వవా? పెద్ద ప్రింట్‌లో తెలిసిపోతుందేమో.

గాలిగోపురం

చదివింది నిజమే. 14 దగ్గర సరిచేయని ఫైల్ చూస్తే బాగా వంగి ఉంటుంది. కెమెరా జేపెగ్‌లో, వ్యూఫైండర్‌లో మీకు ఎప్పుడూ సరిచేసిన బొమ్మే కనిపిస్తుంది. లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా వంపు సరిచేసే ప్రొఫైల్ తనంతట తనే పడుతుంది. మూలల్ని లాగి సరిచేస్తుంది కాబట్టి అక్కడ కొంత పదును పోతుంది, దాచాల్సిన పని లేదు.

అయితే దాన్ని ఎక్కడ చూస్తామన్నది ముఖ్యం. గోపురం ఫోటోలో పై మూలలు ఆకాశం, కింది మూలలు నేల. ఎఫ్/4 దగ్గర మూలలు మెత్తగా ఉంటాయి, ఎఫ్/8 దగ్గర నాకు ఫిర్యాదు లేదు. 24 మెగాపిక్సెల్ ఫైల్‌తో మూడు అడుగుల ప్రింట్ వేయించి గోడకు పెట్టుకున్నాను, మూలలు వెతికినవాళ్ళు ఎవరూ లేరు. లేపాక్షి పైకప్పు చిత్రాల విషయంలో మాత్రం జాగ్రత్త. అక్కడ మూల దాకా బొమ్మే ఉంటుంది, ప్రతి గీతా కావాలి. వాటిని 14తో ఒక్క ఫ్రేములో పట్టేయాలని చూడకండి. మీ 24-120లో 35కో 50కో పెట్టి, కెమెరా పైకప్పుకు సమాంతరంగా ఉంచి, ముక్కలు ముక్కలుగా తీసి కలపండి. చిత్రం చదునుగా ఉంటుంది కాబట్టి ముక్కలు చక్కగా అతుకుతాయి. రంగులు ఇప్పటికే చాలాచోట్ల వెలిసిపోయాయి. మనం తీసేది రేపు ఎవరికైనా పనికొచ్చేంత వివరంగా ఉండాలని నా పట్టు. ఫ్లాష్ మాత్రం వేయవద్దు.

ఓరుగల్లు

> ముక్కలు ముక్కలుగా తీసి కలపండి

ఇదే పద్ధతి గండికోట లోయకు కూడా పనికొస్తుంది. నిలువు ఫ్రేములు, ఒకదాని మీద ఒకటి మూడో వంతు కలిసేలా. నిజానికి అక్కడ 14 పెడితే ఎదురుగా ఉన్న కొండచరియ చిన్నదైపోయి, లోతు పోయినట్టు ఉంటుంది. అల్ట్రా వైడ్ దూరాన్ని ఇంకా దూరం చేస్తుంది. కాళ్ళ దగ్గర ఒక పగిలిన బండో పొదో పెట్టుకుని దానికి రెండు మూడు అడుగుల దగ్గరికి వెళ్తేనే ఆ లెన్స్‌కి పని ఉంటుంది. మండపం లోపల మాత్రం ఈ ముక్కల పద్ధతి కష్టం. స్తంభాలు దగ్గరగా ఉంటాయి, కెమెరా తిప్పగానే ముందు స్తంభం వెనకదాని మీద జరిగిపోతుంది, సాఫ్ట్‌వేర్ తికమకపడుతుంది. అక్కడ నిజంగా 14 కావాలి.

డాలస్ బావ

కొత్తది ఒకటి ఎవరూ చెప్పలేదు. టామ్రాన్ 16-30 ఎఫ్/2.8 జీ2, 2025లో వచ్చింది, జెడ్ కెమెరాలకు నేరుగా తగిలే జెడ్ మౌంట్‌లో కూడా ఉంది. 67 మి.మీ. ఫిల్టర్. 17-28 కొందామనుకునేవాళ్ళు దాన్ని కూడా చూడాలి. నికాన్ 17-28కీ, 2019 నాటి టామ్రాన్ 17-28కీ లోపలి అమరిక ఒకటే లెక్క, 11 గ్రూపుల్లో 13 ఎలిమెంట్లు. ఇప్పుడు టామ్రాన్ తన వరుసను 16కి తెచ్చింది.

పెళ్ళిపందిరి

అవును, ఈరోజు నేను కొత్తగా కొనాల్సి వస్తే ముందు దాన్నే చేతిలో పట్టుకుని చూస్తాను. పెళ్ళి పనికి 16 మంచి వెడల్పు, 30 దాకా వెళ్తుంది కూడా.

పినాకిని

నిర్ణయం తీసుకున్నాను. 14-30 ఎఫ్/4 ఎస్ కొంటున్నాను. మంగళగిరి లెక్క, ఓరుగల్లు గారు గుడి లోపల ఎఫ్/8 గురించి చెప్పిన మాట నన్ను ఒప్పించాయి. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వర ఆలయంలో పూర్తికాని గోపురాల మీద కింది నుంచి పై దాకా చెక్కడాలే. వాటి ముందు నిలబడి, కెమెరా వాల్చకుండా తీయాలన్నదే నా అసలు కోరిక. నక్షత్రాలకు 20 మి.మీ. సంగతి తర్వాత చూస్తాను.

షాపులో తీసుకునేటప్పుడు ఏమేం చూసుకోవాలి? 24-120కి నా దగ్గర 77 మి.మీ. పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) ఉంది, దాన్ని దీనికి వాడొచ్చా?

సాగరతీరం

వాడలేరు. దీనికి 82 కావాలి. 77 ఫిల్టర్‌ను రింగుతో 82 లెన్స్‌కి తగిలిస్తే మూలలు నల్లగా పడతాయి. తిరగేసి ఆలోచించండి, ఇప్పుడు 82 ఫిల్టర్ కొని, 77 నుంచి 82కి స్టెప్ అప్ రింగు పెట్టుకుంటే అదే ఫిల్టర్ మీ 24-120కి కూడా పనిచేస్తుంది. పలుచటి ఫ్రేము ఉన్నది తీసుకోండి, ఒకదాని మీద ఇంకోటి బిగించకండి. పోలరైజర్‌ను 14 దగ్గర నీలాకాశం మీద వాడితే ఆకాశం ఒకచోట ముదురుగా, పక్కన లేతగా పడుతుంది. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కునే దాని ప్రభావం ఎక్కువ, ఈ లెన్స్ అంతకంటే చాలా వెడల్పు చూస్తుంది. నీళ్ళ మీద, తడి బండల మీద మెరుపు తగ్గించడానికి వాడుకోండి.

గాలిగోపురం

మంచి నిర్ణయం. షాపులో చూసుకోవాల్సింది ఒకటే, నాలుగు మూలలూ సమానంగా ఉన్నాయా లేదా. బయటికి వచ్చి దూరంగా ఉన్న చెట్లో బిల్డింగులో చూసి 14 దగ్గర ఎఫ్/4కి తీయండి. ఆ చెట్ల వరుస ఫ్రేము పై అంచున ఉండేలా ఒకటి, కింది అంచున ఉండేలా ఒకటి. ఎడమ మూల, కుడి మూల పెద్దవి చేసి పోల్చండి. రెండూ ఒకేలా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం. ఒకటి పదునుగా ఉండి రెండోది కరిగిపోయినట్టు ఉంటే ఇంకో పీసు అడగండి. 22, 30 దగ్గర కూడా ఇలాగే చూడండి. దగ్గరి గోడ మీద తీస్తే మీరు కొంచెం వంకరగా నిలబడ్డా ఫలితం తప్పు చూపిస్తుంది, అందుకే దూరం.

ఇంకొకటి, ఈ లెన్స్ ముడుచుకుని ఉంటుంది, రింగు తిప్పి తెరిస్తేనే ఫోటో తీస్తుంది. మొదటి రోజు అది లోపమనుకుని కంగారు పడకండి. వ్యూఫైండర్‌లో లెవెల్ గీత ఆన్ చేసుకోండి, గోపురాలకు అది లేకుండా చేత్తో సమంగా పట్టుకోవడం కష్టం. తాడిపత్రికి పొద్దున్నే వెళ్ళండి, వెలుతురు పక్కనుంచి పడి చెక్కడం లోతు తెలుస్తుంది. ఫోటోలు ఇక్కడే పెట్టండి, సరిచేయని రా ఫైల్ కూడా ఒకటి ఇస్తే కొత్తగా కొనేవాళ్ళు చూసుకుంటారు.

పినాకిని

తప్పకుండా పెడతాను. రెండు ఫైళ్ళూ పక్కపక్కనే పెడతాను, మూలలు 100 శాతం పెద్దవి చేసినవి కూడా.